ట్రాక్టరు ఇంజను నూనెలో నీరు చేరుట

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతుల నిమిత్తమైన ప్రసంగము



ఎద్దునకు జబ్బు చేసినచో అది మేత మానును, చెవులు వ్రేలవేయును, నెమరు విడుచును. కొట్టములో కాలుపెట్టినంతనే రైతు దానిని గుర్తించును. ట్రాక్టరునకు ఆ గుణము లేదు. దాని ఇంజను నూనెలో నీరు కలిసినను అది మామూలుగనే మ్రోగుచు, మామూలుగనే లాగుచునుండి, ఒకనాడు నాట్ల నడుమ, కూలీలు గట్టుపై నిలిచి చూచుచుండగా, మడిలో ఆగిపోవును. అప్పటికి లోపల జరుగవలసిన చెరుపు జరిగియే యుండును. ఈ ప్రాంతములలో ఎడ్లనాగలి స్థానమునకు ట్రాక్టరు వచ్చి చాలకాలమైనను, ఎద్దు జబ్బులనుగూర్చి పూర్వులకు గల తెలివి ఇంజను జబ్బులనుగూర్చి మనకింకను అలవడలేదు.

చెప్పవలసినది రెండుమాటలలో నున్నది. నూనెలో నీరున్నదని తెలిసినంతనే ఇంజనును త్రిప్పుట మానవలెను. నూనె మార్చుటకు ముందే ఆ నీరు ఏ త్రోవను వచ్చినదో కనుగొనవలెను. మిగిలినదంతయు ఈ రెంటి వివరణమే.

ఈ మూడు ప్రాంతములును నీటికి దగ్గరివి. శ్రీరాంసాగరు జలాశయమునుండి బయలుదేరు కాకతీయ కాలువ కోరుట్ల, జగిత్యాల వైపు పొలములకు నీరందించుచున్నది. సిరిసిల్ల మానేటి ఒడ్డున నున్నది; దానికి ఎగువను నర్మాల వద్ద ఎగువ మానేరు, దిగువను మాన్వాడ వద్ద మధ్యమానేరు కలవు. వరిసాగు పెరిగినకొలది ట్రాక్టరు ఏటికి రెండుమార్లు, వానాకాలమునను యాసంగియందును, ఇనుపచక్రములు తొడిగికొని బురదలో దిగుచున్నది. ఇదిగాక వరదలు. 2021 సెప్టెంబరు 7వ తేదీన సిరిసిల్ల పట్టణపు వీధులే వాగులై పారినవి. 2025 ఆగస్టు చివర నర్మాల వద్ద మానేరు పొంగి, వరదలో చిక్కుకొనిన రైతులను హెలికాప్టరుతో గట్టునకు చేర్చవలసివచ్చెను. అట్టి దినములలో మనుష్యులను, పశువులను కాపాడుకొనుటయే మొదటి పని. ట్రాక్టరు మునిగిన మునుగనిండు. మునిగిన ఇంజనును బ్రతికించుటకు మార్గము కలదు. మునిగినదానిని తొందరపడి త్రిప్పినపుడే బ్రతికించుట కష్టము.

నూనె చేయు పని యెట్టిదో తెలిసిననే నీటి కీడు తెలియును. ఇంజనులో క్రాంకు అనెడి ఇరుసు బేరింగు రేకులపై ఆనియున్నట్లు కనబడును గాని, నడచుచుండగా అది రేకును తాకదు. రెంటి నడుమ తలవెండ్రుక మందమంత సందు కలదు. నూనె పంపు ఆ సందులోనికి ఎడతెగక నూనెను త్రోయుచుండును. ఇరుసు ఆ పొరపై తేలుచు నిమిషమునకు రెండువేల చుట్లవరకు తిరుగును. నీటికి ఆ బరువు మోయు జిగి లేదు. పైగా బేరింగు వేడికి అది ఆవిరియగును. బుడగ పుట్టినచోట నూనెపొర తెగి లోహము లోహమును ఒరయును. నూనెను వడపోయు కాగితపు ఫిల్టరు నీటికి ఉబ్బి మూసికొనును. మూసికొనినప్పుడు నూనె వడపోతను దాటి పోవుటకు ఒక ప్రక్కత్రోవ ఏర్పరచియున్నందున, మడ్డి తిన్నగా బేరింగులకు చేరును. బండి రెండుమూడు దినములు నిలిచినచో సిలిండరు గోడలు త్రుప్పు పట్టును. నూనె మార్చుటకు 250 గంటలనియో మరియొక గడువనియో పుస్తకములలో వ్రాసియుండును. ఆ గడువు శుభ్రమైన నూనెకే గాని నీరు పడిన నూనెకు కాదు.

గుర్తించు విధము సులభము. ఉదయము ఇంజను త్రిప్పకముందు ట్రాక్టరును చదునైన నేలపై నిలిపి గేజికడ్డీని తీసి చూచుట అరనిమిషపు పని. మంచి నూనె వాడుకలో నల్లబడును. నలుపు జబ్బు కాదు. పాలు ఎక్కువైన చాయవలె తెల్లబారి చిక్కబడినచో అది నీరు. రెండవ గుర్తు, నూనె పోయకయే మట్టము పైగీతను దాటుట. ‘నెలదినములైనను చుక్క నూనె తగ్గలేదు, బండి బహుబాగు’ అని సంతోషించువారు కలరు. నడచు ఇంజను కొంత నూనెను ఖర్చు చేయుట సహజము. తగ్గవలసినది తగ్గకున్నను, పెరిగినను, లోపలికి మరేదియో చేరుచున్నదని అనుమానింపవలెను. పెరిగిన నూనె పలుచనై డీజిలు వాసన కొట్టినచో అది నీరు కాదు, డీజిలు. దాని కారణములు వేరు.

అనుమానము తీరనిచో రెండు పరీక్షలు కలవు. కొంత నూనెను గాజుసీసాలో పట్టి కదలింపక ఒకరాత్రి ఉంచినచో, విడిగా నున్న నీరు అడుగునకు దిగును. లీటరు నీరు కిలోగ్రాము తూగగా లీటరు నూనె సుమారు 870 గ్రాములే తూగును గదా. కాని ఇంజను తిరిగి నూనెయు నీరును చిలుకబడిన పిమ్మట, మజ్జిగవలె కలిసిపోయి ఎంతసేపున్నను విడివడవు. అప్పుడు పాత ఇనుపరేకును బాగుగా కాచి దానిపై ఒక చుక్క వేయవలెను. నీరులేని నూనె నిశ్శబ్దముగా పరచుకొని పొగయగును. నీరున్నది చిటపటలాడి ఎగురును. ముఖమును దూరముగా నుంచవలెను. వంటింటి పెనమును దీనికి తీసికొనరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక నీరు వచ్చు త్రోవలు. ఇవి రెండు తెగలు: వెలుపలినుండి వచ్చునవి, ఇంజనులోని చల్లదనపు నీరే నూనెలోనికి కారునవి.

వెలుపలి త్రోవలలో మొదటిది సైలెన్సరు. అనేక ట్రాక్టర్లకు అది నిటారుగా ఆకాశమువైపు తెరచుకొని యుండును. రాత్రి బయట నిలిపిన బండిపై పెద్దవాన కురిసినచో నీరు గొట్టమున దిగి, తెరచియున్న వాల్వుగుండ సిలిండరులో చేరి, పిస్టను రింగులను దాటి సంపులోనికి దిగును. గొట్టముపై ఖాళీడబ్బా బోర్లించు పల్లెటూరి అలవాటు చూచుటకు నవ్వు పుట్టించినను, దానిని మించిన చౌకమందు లేదు. రెండవది ఇంజను ఊపిరి తీయు బ్రీదరు గొట్టము. వేడెక్కిన ఇంజను వాగు నడుమ ఆగినచో లోపలి గాలి చల్లబడి కుంచించుకొనును. ఆ వెలితిని నింపుటకు బ్రీదరు మునిగియున్నచో నీటినే పీల్చుకొనును. గేజికడ్డీ గొట్టము, నూనె పోయు మూత వదులుగా నున్నను అంతే. మూడవది గాలిని వడపోయు ఎయిర్ క్లీనరు. అడుగున నూనెగిన్నె గల పాతరకపు క్లీనరులో నీరు చేరినచో ఇంజను దానిని గాలితోపాటు లోనికి లాగికొనును. బండి కడుగుటలోను కీడు కలదు. దమ్ము ముగిసిన తరువాత బురద వదలుటకు కొట్టు పంపుధారను బ్రీదరుమీదికిని, క్లీనరు నోటిమీదికిని త్రిప్పరాదు.

ఇప్పుడు ట్రాక్టరు వాగులో ఆగినదనుకొందము. నీరు ఇంజను సగమువరకు వచ్చి, మరునాడు తీసినది. నాట్లకు మనుష్యులు సిద్ధముగా నున్నారు, నారు ముదురుచున్నది. డ్రైవరు తాళము త్రిప్పి చూచెదననును. రైతు పరీక్షకు నిలుచు గడియ ఇదియే. డీజిలు ఇంజను గాలిని సుమారు 17వ వంతునకు అణచి పని చేయును. మూడు సిలిండర్లు, 2700 ఘనసెంటీమీటర్లు గల ఇంజనులో పిస్టను పైకి వచ్చినపుడు మిగులు ఖాళీ ఒక్కొక్క సిలిండరునకు సుమారు 55 మిల్లీలీటర్లే, అనగా చిన్న టీగ్లాసెడు కంటె తక్కువ. గాలి అణగును గాని నీరు అణగదు. అంతకుమించిన నీరు సిలిండరులో నున్నపుడు స్టార్టరు త్రిప్పినచో పిస్టను ఆ నీటిని గుద్దుకొని ఆగును; కనెక్టింగు రాడ్డు వంగును. వంగిన రాడ్డుతో ఇంజను కొంతకాలము నడచినను నడచును. ఆ తరువాత రాడ్డు విరిగి గోడను చీల్చుకొని బయటికి వచ్చుట కలదు. ఒక ఉదయపు తొందర ఇంజను మొత్తమునకే చేటు తెచ్చును.

కావున మొట్టమొదట బ్యాటరీ తీగను విప్పవలెను. ఎవరును మరచియైనను త్రిప్పకుండుటకు ఇదియే భద్రము. బండిని బయటికి లాగునపుడు గేరు న్యూట్రలులో నుండవలెను. గేరులో నుంచి లాగినచో చక్రములు ఇంజనును త్రిప్పును. తాళము త్రిప్పుటకును దీనికిని భేదము లేదు. త్రోసి స్టార్టు చేయుట సరేసరి. నీరు ఎంతయెత్తువరకు వచ్చినదో బురదగీతను చూచి గుర్తుపెట్టవలెను, ఏయే భాగములు మునిగినవో దానివలననే తెలియును.

బీమా గలవారు బండిని కదలించుటకు ముందే ఫోటోలు తీయించి, బీమావారికి తెలుపవలెను. సమగ్ర బీమాలో వరద నష్టము చేరియుండును గాని, మునిగిన తరువాత త్రిప్పుటవలన కలిగిన నష్టమును యజమాని స్వయంకృతముగా నెంచి బీమావారు త్రోసిపుచ్చుట కలదు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే గలవారికి వరద నష్టము రాదు. ఏ బీమా చేయించితిమో పత్రమును తీసి చూచినవారు తక్కువ.

బండి గట్టునకు వచ్చిన పిమ్మట ఒకరాత్రి కదలింపక నిలిపినచో నీరు సంపు అడుగునకు దిగును. మరునాడు డ్రెయిను బిరడాను కొంచెము వదులుచేసినచో మొదట నీరు, వెనుక నూనె వచ్చును. ఇంజను తిరుగకుండుటలో గల లాభమిది. తిరిగియున్నచో మజ్జిగయే కారును. ఎంత నీరు వచ్చినదో కొలచియుంచవలెను. పిమ్మట ఎయిర్ క్లీనరును విప్పి తుడిచి ఆరబెట్టవలెను. డీజిలు ట్యాంకిలోని డీజిలును, ఫిల్టర్లను తీసివేయవలెను; డీజిలు పంపులోనికి నీరు పోయినచో దాని మరమ్మతు మిక్కిలి ఖర్చుతో కూడినది. నాజిళ్లను విప్పుట మెకానిక్కు పని. అవి విప్పిన తరువాత క్రాంకు పుల్లీ నట్టునకు పానా తగిలించి ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పవలెను. సిలిండరులో నీరున్నచో నాజిలు రంధ్రములగుండ చిమ్ముకొని వచ్చును. ఆ రంధ్రములపై మొగము పెట్టి చూడరాదు. నీరు రాక నిలిచిన తరువాత ఒక్కొక్క సిలిండరులో రెండుచెంచాల ఇంజను నూనె పోసి మరల చేతితో త్రిప్పినచో త్రుప్పు ఆగును. ఈ పనియంతయు ఒకటి రెండు దినములలో జరుగవలెను. వారము దినములు నిలిపి మెకానిక్కు తీరికకై ఎదురుచూచినచో రింగులు గోడలకు పట్టుకొనును.

అటుపిమ్మట క్రొత్త ఫిల్టరు వేసి, పుస్తకములో చెప్పిన తరగతి నూనెను, సాధారణముగా 15డబ్ల్యూ-40, నింపి, బరువు లేకుండ పది పదునైదు నిమిషములు నడిపి, వేడిగా నుండగనే దించివేయవలెను. ఈ నూనె కడుగుటకు మాత్రమే. మరల నూనెయు ఫిల్టరును క్రొత్తవి వేసి, కొన్నిగంటలు పని చేయించి గేజికడ్డీని చూడవలెను. ఇంకను తెల్లదనమున్నచో మరల మార్చవలెను. మూడుమార్లు నూనె పోయుట వృథాఖర్చుగా తోచును. కాని ఆ నూనె వెలకును, క్రాంకు, బేరింగులు, లైనర్లు మార్చు వెలకును పోలికయే లేదు. నూనెకు బదులు డీజిలుతోనో కిరసనాయిలుతోనో ఇంజనును కడిగి నడుపు అలవాటు కొన్నిచోట్ల నున్నది. అది మంచిది కాదు. వానికి జిగి లేదు. మూలల నిలిచినది క్రొత్త నూనెను పలుచన చేయును.

ఇంతవరకు వరదనీటి సంగతి. వాగు దాటలేదు, వాన తగులలేదు, అయినను నూనె తెల్లబడినదన్నచో అది రెండవ తెగ. ఇంజనును చల్లబరచు నీరే లోపల కారుచున్నది. ఇక్కడనే రైతులు ఎక్కువగా మోసపోవుదురు. నూనె మార్చుదురు, నాలుగుదినములు బాగుండును, మరల తెల్లబడును, మరల మార్చుదురు. పడవకు చిల్లి యుండగా నీరు తోడుట వంటిది. తోడుట తప్పుకాదు గాని చిల్లి పూడ్చవలెను.

ట్రాక్టరు ఇంజనులలో పెక్కింట పిస్టను నడచు లైనరు చుట్టును నీరు తిరుగును. ఆ నీరు క్రిందికి జారి సంపులో పడకుండ లైనరు అడుగున రబ్బరు వలయములుండును. ఇంజను పలుమార్లు అతివేడికి గురియైనచో ఆ రబ్బరు బిగిసి పగిలి నీటిని వదలును. హెడ్డు గాస్కెట్టు కాలుట, హెడ్డు చిట్లుట కూడ కలదు. కొన్ని ఇంజనులలో నూనెను చల్లబరచు కూలరుగుండ నీరు కలియును. వీనికన్న వింతయైనది లైనరునకు సూదిరంధ్రములు పడుట. పిస్టను తాకిడికి లైనరు అదరుచుండ, దాని వెలుపలి నీటిలో సన్నని ఆవిరిబుడగలు పుట్టి పగులుచుండును. ప్రతి బుడగయు లోహమును అణువంత కొరుకును. కొన్నివేల గంటలకు ఇనుమే తొలుచుకొనిపోవును. దీనికి విరుగుడు రేడియేటరులో పోయు కూలెంటు మందు. అది లైనరుపై రక్షణపొర నేర్పరచును. మన ప్రాంతపు బోరునీటిలో సున్నపుపాలు ఎక్కువ. ఆ నీటినే రేడియేటరులో పోయుచు వచ్చినచో, వంటపాత్ర అడుగున కట్టినట్లు లోపల గార కట్టి వేడి బయటికి పోనీయదు. పుస్తకములో చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపి, మంచి మెత్తని నీటినే పోయవలెను. శుభ్రముగ పట్టిన వాననీరు బోరునీటికన్న మేలు.

కారు చోటు కనుగొనుటకు కొన్ని జాడలున్నవి. రేడియేటరులో నీటిమట్టము బయట ఎక్కడను కారకయే తగ్గుచున్నదా చూడవలెను. ఇంజను చల్లగా నున్నపుడు మాత్రమే మూత తీయవలెను. వేడిపై తీసినవారి ముఖము కాలుట ఎరుగని ఊరు లేదు. నీటిపై నూనెతెట్టు తేలినను, ఇంజను నడచుచుండగా ఎడతెగక బుడగలు వచ్చినను హెడ్డు గాస్కెట్టును అనుమానింపవలెను. నిశ్చయముగా తెలియవలెనన్నచో సంపును విప్పి, రేడియేటరును నింపి, ఒకరాత్రి ఉంచి, క్రిందనుండి దీపముతో చూడవలెను. లైనరు అడుగుననుండి చుక్కలు జారుచున్నచో రబ్బరు వలయములు. గోడనడుమ చెమ్మగిల్లినచో లైనరు రంధ్రము. రేడియేటరులోనికి గాలి ఒత్తిడి పెట్టి చూచు పరికరము గల మెకానిక్కులకు ఇది ఇంకను త్వరగా తేలును. చూడకయే ‘ఇంజను మొత్తము విప్పవలె’ నను మెకానిక్కును, చూడకయే ‘ఏమియు లేదు, నూనె మార్చుడు’ అను మెకానిక్కును సమానముగనే శంకింపవలెను. కూలెంటు కలిసిన నీరు నూనెలో పడుట వట్టినీటికన్న చెరుపు. అది నూనెను జిగటచేసి బేరింగు లోహమును తినును. కావున కారుచున్న బండిని ‘ఈ ఒక్క కారు పూర్తియగువరకు’ అని నడుపరాదు. ఎకరమునకింత యని బాడుగ ఇచ్చి పొరుగు ట్రాక్టరుతో దమ్ము చేయించుకొనుటయే లాభము.

భయపడనక్కరలేని సందర్భమొకటి కలదు. లీటరు డీజిలు మండినపుడు సుమారు లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. అందులో చాలభాగము సైలెన్సరుగుండ పోవును, కొంచెము సంపులోనికి జారును. చలికాలపు ఉదయములందు కోరుట్ల వైపు పసుపు రైతు బండిని త్రిప్పి, అరకోసు దూరములోని కళ్లమువరకు పోయి, పది నిమిషములలో ఆపివేసినచో నూనె వేడెక్కదు. ఆ ఆవిరి మూత అడుగున తెల్లని మీగడగా కట్టును. కడ్డీపై నూనె శుభ్రముగా నుండి, మూతకు మాత్రమే మీగడయున్నచో అది జబ్బు కాదు. బరువైన పనిపై గంటసేపు నడిపినచో నూనె కాగి నీరు ఆవిరియై పోవును. మరునాడు మరల చూడవలెను.

దమ్ము చేయు బండికి ఇంజను నూనె ఒక్కటియే కాదు, గేరుపెట్టె, వెనుక ఇరుసు, హైడ్రాలిక్కు నూనెయు కలవు. వేడెక్కిన ఇరుసు చల్లని బురదలో దిగినపుడు లోపలి గాలి కుంచించి సీళ్లగుండ నీటిని పీల్చును. ఆ నూనెయు తెల్లబడినచో మార్చవలసినదే; ఇంజను నూనెకు కొన్నిరెట్లు పట్టును గనుక సీళ్లను ముందుగా చూచుకొనుట మేలు. కొన్ని ట్రాక్టర్లలో క్లచ్చిపెట్టె అడుగున ఒక రంధ్రముండును. బురదపనికి బిరడా బిగించి, మెట్టపనికి తీసివేయవలెనని పుస్తకములో నుండును. ఆ బిరడా ఎక్కడనున్నదో డ్రైవరును అడిగి చూడవలెను.

దించిన నూనెను కాలువలోగాని, బావిదరినిగాని, పొలపు గట్టునగాని పోయరాదు. మూతగల డబ్బాలో పోసి పాతనూనె కొనువారికి ఇయ్యవలెను. ఇచ్చునపుడు అందులో నీరు కలిసియున్నదని చెప్పి ఇయ్యవలెను. నీటినూనెను మంచినూనె డబ్బాలో కలిపినచో వారికి రెండును చెడును.